దారిన వచ్చినవారి మొగ్గలు

మైసూరు అగ్రహారంలో మా వీధికి పురపాలకం వాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అయినా జట్కావాడిని అడిగితే "పూలజడ వీధి" అని నేరుగా తెచ్చి దింపేవాడు. ఆ పేరు రావడానికి కారణం ఇద్దరం. జడ కుట్టింది పుట్టతాయమ్మ, ఫోటో తీసింది నేను.

నా పేరు మరిబసప్ప. బన్నూరు దగ్గర పల్లెబడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే సొంత స్టూడియో పెట్టాను. దసరా ప్రదర్శనలో రెండుసార్లు వెండి పతకం అందుకున్నాను. ఫోటోగ్రాఫర్ల సంఘానికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉండి, కాదు కూడదని నేనే తప్పుకున్నాను. జడ ఫోటోకి వెనక ఒక నిలువుటద్దం పెట్టడం అందరూ చేసేదే. రెండద్దాలు ఏటవాలుగా నిలబెట్టి, ముఖమూ నిండుగా, జడ మొదలు నుంచి కుచ్చు దాకా నిండుగా ఒకే ఫోటోలో పట్టినవాళ్ళలో మా ఊళ్ళో నేనే మొదటివాడిని. తర్వాత నన్ను చూసి నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ పేర్లు ఇక్కడ అనవసరం. ఇంత చెప్పాక ఇంకొకటి కూడా చెప్పాలి. నా అద్దంలో పడి మెరిసిందంతా పుట్టతాయమ్మ పని. ఆమె గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆమె మనిషి పొట్టి, గొంతు పెద్దది. భర్త శివణ్ణ పట్టు మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు. వాళ్ళది మా స్టూడియోకి ఆనుకున్న ఇల్లే. ముందు రాతి అరుగు, లోపల పొడుగాటి గది. ఆ గదిలో ఎత్తుపీట మీద పెళ్ళికూతుళ్ళు కూర్చునేవారు. అరటిపట్టను సన్నగా కోసి, దానిమీద మల్లెమొగ్గలు వరసలుగా కుట్టి, జడకు బిగించి, పైన రాకిడి బిళ్ళ, మధ్యలో మరువం, చివర కుచ్చులు వేసి లేపేసరికి ఆ పిల్ల నడకే మారిపోయేది. ఆమె కుట్టిన మొగ్గ పెళ్ళి ఊరేగింపు అయ్యేదాకా ఊడిపడలేదు. ఇది పొగడ్త కాదు. మర్నాడు ఫోటోకి వచ్చిన జడల్ని నేను కళ్ళారా చూసి చెబుతున్నాను.

పెళ్ళివాళ్ళు ముందే వచ్చి తాంబూలం ఇచ్చి రోజు చెప్పిపోయేవారు. ఆకులు ఆమె వేసుకునేది, వక్క మాత్రం ఇత్తడి భరిణెలో దాచేది. ఆ వక్క ఉన్నంతకాలం మాట ఉన్నట్టే. పెళ్ళి తప్పిపోయినా, తేదీ మారినా, వాళ్ళు వచ్చి వక్క వెనక్కి తీసుకుని మాట విడిపించుకోవాలి. తీరని తాంబూలం ఇంట్లో ఉంచుకోవడం మావాళ్ళు ఒప్పుకోరు.

అలా తాంబూలం ఇవ్వకుండా వచ్చేవాళ్ళు ఎక్కువ. మల్లెల కాలం వస్తే చిన్నపిల్లల తల్లులు బస్సులు దిగి వచ్చేవారు. "మా పిల్లకి ఒక్క జడ వేసి పెట్టమ్మా, ఫోటో తీయిస్తాం" అనేవారు. వాళ్ళకోసం పుట్టతాయమ్మ పొద్దున్నే మార్కెట్లో పెళ్ళిళ్ళ బుట్టలతో పాటు ఇంకో బుట్ట నింపించేది. దాన్ని అరుగు మూలన, అరటాకు మీద, తడిగుడ్డ కింద ఉంచేది.

పూలమ్మే సిద్దమ్మ వెక్కిరించేది. "ఎవరొస్తారో తెలీనివాళ్ళకి పూలు కొనేదానివి నువ్వొక్కదానివే పుట్టక్కా. మీ ఆయనకి తెలుసా?"

"వచ్చాక కొందామంటే మొగ్గ ఆగుద్దా? పొద్దుగూకేసరికి నీలాగే పళ్ళికిలిస్తుంది. కట్టు కట్టు."

పెళ్ళికూతురి తలకి సాంబ్రాణి పొగ పట్టించి ఆరబెట్టేలోపు బయట అరుగుమీద ఒక పిల్ల జడ అయిపోయేది. పెళ్ళివాళ్ళు ఆలస్యంగా వస్తే ఆ సందులో ఇంకో పిల్ల. "మేం ముందే చెప్పాం కదా" అని ఎవరైనా గొడవకు దిగితే, "చెప్పిన వేళకి మీరు రాలేదు, చెప్పకుండా ఈవిడ వచ్చింది. నేనేం చేసేది?" అనేది. మొగ్గలు మిగిలితే వీధిలో ఆడపిల్లలకి పంచేది. శివణ్ణ మిల్లు నుంచి వచ్చి, అరుగు నిండా జనాన్ని చూసి, "బసప్పా, ఈ ఇంట్లో అన్నం తినాలన్నా నేను తాంబూలం ఇచ్చి రోజు చెప్పుకోవాలయ్యా" అని నా దగ్గరికొచ్చి కూర్చునేవాడు.

ఆ అరుగెక్కిన ఆడపిల్ల తలలో పువ్వు లేకుండా దిగిందని ఎవరూ అనలేరు. పుట్టతాయమ్మకి అది నా పతకాలంత గొప్ప. ఒక్కసారి తప్పింది. చెప్పవలసింది ఆ ఒక్కదాని గురించే.

అది వైశాఖం, పెళ్ళిళ్ళు గుంపులుగా ఉన్న వారం. ముందురోజు వాన దంచికొట్టింది. వానకు తడిసిన మొగ్గ నల్లబడుతుంది, సూదికి నిలవదు. సిద్దమ్మ దగ్గర బాగున్నవి ఏరగా వచ్చినవి తక్కువ. ఆ రోజు పీట మీద వేదవల్లి అనే పెళ్ళికూతురు. పక్కన ఆమె మేనత్త అంబుజమ్మ, కుచ్చు దాకా మొగ్గ నిండాలని పట్టుపట్టి కూర్చుంది. "వియ్యాలవారి ఆడవాళ్ళు వెనక నుంచే చూస్తారు పుట్టక్కా, సందు కనబడిందా, ఏడాది పొడుగునా అదే మాట" అంది. పుట్టతాయమ్మ కాసేపు ఆలోచించి, అరుగు మీది బుట్ట కూడా లోపలికి తెప్పించుకుంది. మొగ్గలు మెడ నుంచి వీపు మధ్యదాకా వచ్చాయి. ఇంకా సగం ఉంది.

అప్పుడు తిరుమకూడలు వైపు పల్లె నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి పేరు దేవీరమ్మ. పిల్లని కెంపి అని పిలిచింది. తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, జుట్టు మాత్రం నడుము దాటి దిగింది.

ఆ తల్లి మనసులో ఉన్నది నాకు ఏడాది తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెబుతాను. పిల్ల తలలో గడ్డ. మర్నాడు బెంగళూరు పెద్దాసుపత్రిలో తల గొరిగించి కోయాలి. మధ్యాహ్నం రైలు. పిల్ల బొమ్మలడగలేదు, మిఠాయి అడగలేదు. జుట్టు పోయేలోపు పూలజడ వేసుకుని ఫోటో దిగాలంది. అందుకని రైలుకు ముందు తల్లి ఇటు తీసుకొచ్చింది.

"అమ్మా, పూలజడల పుట్టతాయమ్మ ఇల్లిదేనా?"

"ఇదే తల్లీ, ఎక్కి కూర్చో" అంటూ పుట్టతాయమ్మ బయటికి వచ్చింది. చేయి అలవాటుగా మూలన బుట్ట పెట్టే చోటికి వెళ్ళింది. తడిగుడ్డ ఎత్తింది. అరటాకు తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఈ పూట కాదు తల్లీ. వాన తిన్నది పోగా మిగిలింది లోపలి పిల్లకే చాలట్లేదు. రేపు పొద్దున్నే రా. మొదటి మొగ్గ నీ కూతురిదే."

"రేపా అమ్మా?"

"ఏం, ఊరు దూరమా? ఇక్కడే పడుకోండి. రాగిముద్ద, ఆకుకూర సారు ఉంది. మీ ఆయనేం అనడులే."

దేవీరమ్మ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు లోపలి నుంచి అంబుజమ్మ కేకేసింది. "పుట్టక్కా! పిల్ల తల సగంలో వదిలేసి ఎవరితో ఆ ముచ్చట్లు?"

"వస్తున్నానమ్మా! తల ఎక్కడికి పోద్ది, మెడమీదే ఉంటుంది!"

దేవీరమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసింది. పీట మీద పసుపు పూసుకున్న పిల్ల, నుదుట బాసికం. ఆడపిల్ల తల గొరిగించడం, కత్తి, ఆసుపత్రి: ఇలాంటి మాటలు ముహూర్తానికి కూర్చున్న పిల్ల చెవిన పడనీయకూడదు. అలా పెరిగిన మనిషి ఆవిడ. తన బిడ్డ కోసం ఇంకొకరి బిడ్డకు కీడు తలపెట్టినట్టవుతుందని భయపడింది. తెరిచిన నోరు మూసి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం లేదమ్మా. ఊరికే అడిగాను."

పుట్టతాయమ్మకి మనసు ఒప్పుకోలేదు. లోపలికి వెళ్ళి, తన డబ్బాలోంచి రెండు ఆకులు, ఒక వక్క తెచ్చి దేవీరమ్మ చేతిలో పెట్టింది. జడ కుట్టేదానికి తాంబూలం ఇవ్వడం అందరూ చూసిందే. జడ కుట్టేదే తిరిగి తాంబూలం ఇవ్వడం నేను చూడటం అదే మొదలు.

"ఇది నా మాట. రేపు మీరొచ్చేదాకా ఆ బుట్ట ఎవరూ ముట్టరు. సరేనా కెంపమ్మణ్ణీ?"

పిల్ల తలూపింది. పుట్టతాయమ్మ ఆ పిల్ల జడలో ఒక మరువం రెమ్మ గుచ్చి లోపలికి పోయింది.

కెంపి మా స్టూడియో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అయ్యా, మీ దగ్గర వీపు కనబడే అద్దం ఉందంట కదా?"

"ఎవరు చెప్పారే?"

"మా పెద్దమ్మ కూతురు. నా వీపు నేనెప్పుడూ చూళ్ళేదు. అందరూ చూశారు, నేనే చూళ్ళేదు."

నాకు నవ్వొచ్చింది. రెండద్దాల మధ్య నిలబెట్టాను. మెడ తిప్పి తిప్పి చూసుకుంది. జడను ఇటు ఊపింది, అటు ఊపింది. "పాములాగుంది!" అని తల్లిని కేకేసింది. తల్లి గుమ్మం దగ్గరే నిలబడి చూసింది, లోపలికి రాలేదు.

"రేపు పూలతో తీస్తాను, రాణిలా ఉంటావు" అన్నాను.

వాళ్ళు స్టేషను వైపు వెళ్ళారు. ఊరికి వెళ్ళే బస్సు అటు కాదని నాకు తట్టలేదు.

మర్నాడు మంచి మొగ్గ వచ్చింది. పుట్టతాయమ్మ మొదటి బుట్ట కెంపి కోసం నింపించి మూలన పెట్టింది. ఇంకో ఇద్దరు పిల్లలు వస్తే వాళ్ళకి కనకాంబరాలతో సరిపెట్టింది కానీ ఆ తడిగుడ్డ ఎత్తలేదు. మధ్యాహ్నం దాటింది. ఎవరు వచ్చిన అలికిడైనా సూది ఆపి చూసింది. సాయంత్రానికి గుడ్డ కింద మొగ్గలన్నీ విచ్చుకుని, వీధంతా వాసన కొట్టింది.

ఆమెకు కోపం వచ్చింది. "చేతిలో తాంబూలం పెట్టాను బసప్పా. పల్లెమనుషులకి మాట విలువ తెలీదు" అంది. ఆ ఏడాదిలో అదే మాట నాతో చాలాసార్లు అంది. కోపమే అయితే ఒకసారి అని ఊరుకునేది.

మళ్ళీ చైత్రం వచ్చింది. ఆ రోజు పీట మీద వేదవల్లే, శ్రీమంతానికి. ఏడో నెల కడుపుతో, ముఖం నిండుగా ఉంది. పక్కన అదే అంబుజమ్మ. జడ సగం అయింది. నేను స్టూడియో మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. దేవీరమ్మ వచ్చింది. ఒంటరిగా. భుజాన గుడ్డసంచి.

"అమ్మా, మీ వక్క. తిరిగి ఇచ్చిపోదామని వచ్చాను."

పుట్టతాయమ్మ గుర్తుపట్టింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా? ఆ రోజు చీకటిపడేదాకా కళ్ళు కాయలు కాచాయి నాకు! రాలేనిదానివి ఆ మాట అప్పుడే అంటే నోరు పడిపోద్దా? పూలన్నీ..." అని ఆగింది. "పిల్లేదీ?"

దేవీరమ్మ గుమ్మంలోంచి లోపలికి చూసింది. కడుపుతో ఉన్న మనిషి కనిపించింది. మళ్ళీ కొంగు నోటికి అడ్డం వచ్చింది.

అప్పుడు పుట్టతాయమ్మకి అర్థమైంది. పోయినేడాది కూడా ఆ కొంగు అలాగే అడ్డం వచ్చిందని గుర్తొచ్చినట్టుంది. సూది దారపుండకి గుచ్చి, అరుగు దిగి, దేవీరమ్మ చేయి పట్టుకుని వీధి మధ్యకు నడిపించుకెళ్ళింది.

"ఇక్కడ చెప్పు. ఇది వీధి. ఇక్కడ ఏం చెప్పినా ఎవరికీ తగలదు."

దేవీరమ్మ చెప్పింది. గొరిగించారు. కోశారు. వానలు తగ్గేదాకా ఉంది, తర్వాత లేదు. జుట్టు మళ్ళీ మొలుస్తోంది, వేళ్ళకు అందేంత వచ్చింది, అప్పుడు పోయింది. "ఆసుపత్రిలో మంగలాయనని బతిమాలాను, జడ జడలాగే కోసి ఇవ్వమని" అంటూ సంచిలోంచి తీసింది. ఎర్ర రిబ్బనుతో కట్టిన జడ. "మా ఊరివైపు కావేరి సంగమంలో వదిలేద్దామని పోతున్నాను. మీ మాట ఇంట్లో పెట్టుకుని దాన్ని వదలడానికి నాకు చేతులు రాలేదమ్మా."

పుట్టతాయమ్మ ఆ జడను ఒకసారి నిమిరింది. "అరుగు మీద కూర్చో. లోపలిదాన్ని పూర్తిచేసి వస్తాను. నీ బుట్ట ఉంది" అంది.

లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుంది. అంబుజమ్మ అడ్డం నిలబడింది. కిటికీలోంచి ఆ జడను చూసి సంగతి పోల్చుకుంది ఆవిడ.

"ఆవిణ్ణి పంపేసెయ్యి పుట్టక్కా. కడుపుతో ఉన్న పిల్ల ఉండగా, పోయిన పిల్ల జుట్టు ఈ గడప దగ్గరా?"

"గడప లోపలికి తేను. మీ జడ అయ్యాకే ఆవిడ పని. మీ తాంబూలమూ తీసుకున్నాను, ఆవిడకి తాంబూలమూ ఇచ్చాను."

"నాకు రెండు కానుపులు పోయాయి. ఆ భయం నీకు తెలీదు. దణ్ణం పెడతాను, పంపించెయ్."

"ఒకసారి పంపానమ్మా" అంది పుట్టతాయమ్మ. "ఇంకోసారి నావల్ల కాదు."

అంబుజమ్మ వేదవల్లి చేయి పట్టి లేపింది. సగం కుట్టిన జడ, దారాలు వేలాడుతూ. గుమ్మం దగ్గర వేదవల్లి ఆగింది. "అక్కా, ఆ రోజు నా జడలో పెట్టినవి ఆ పాప పూలేనా?"

"పూలకి పేర్లుంటాయా తల్లీ? చల్లగా వెళ్ళి రా."

అంబుజమ్మ ఆమె తలమీద కొంగు కప్పి, దేవీరమ్మ ఉన్నవైపు కాకుండా రెండో పక్క నుంచి దింపుకుపోయింది.

పుట్టతాయమ్మ అరుగు మీద కూర్చుని తడిగుడ్డ ఎత్తింది. జడ మొదలును దేవీరమ్మ ఒళ్ళో పట్టుకుంది, పిల్ల తల పట్టుకున్నట్టే. పుట్టతాయమ్మ అరటిపట్ట కోసింది, సూదిలో దారం ఎక్కించింది. పీట మీది పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడుతూ కుట్టింది.

"ఏం తినేది?"

"ఉప్మాలో వేరుశెనగలు ఏరుకుని తినేది. మిగతాది కోడికి."

"దొంగపిల్ల. బడికి పోయేదా?"

"పోయేది. లెక్కలు రావు. పాటలు వచ్చు."

"కదలకుండా కూర్చునేదా జడకి?"

దేవీరమ్మ నవ్వబోయింది. "ఎక్కడ! దువ్వెన చూస్తే పరుగే."

"ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా ఉందో" అంది పుట్టతాయమ్మ. ఆ మాట నోటినుంచి రాగానే ఇద్దరూ ఏడ్చారు. సూది మాత్రం ఆగలేదు. ఆమె చేతి కింద ఎందరో పెళ్ళికూతుళ్ళ జడలు చూశాను. అంత దగ్గరగా, సందు లేకుండా కుట్టిన జడ ఇంకొకటి చూడలేదు.

కుచ్చు కట్టాక నేను లేచి వెళ్ళాను. "అమ్మా, ఫోటో తీస్తాను. అద్దాలు సిద్ధంగా ఉన్నాయి. డబ్బు మాట లేదు."

దేవీరమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దప్పా. వెనక జడ కనబడాలంటే ముందు ముఖం ఉండాలి కదా."

నేను మెట్టు మీదికి తిరిగి వచ్చాను.

"ఇప్పుడు ఇవ్వు" అని పుట్టతాయమ్మ చేయి చాచింది. దేవీరమ్మ వక్క ఇచ్చింది. జడను అరటాకులో చుట్టి, నీళ్ళు చిలకరించి, నారతో కట్టింది పుట్టతాయమ్మ. ఆ మూటను భుజానికి ఆనించుకుని, నిద్రపోతున్న పిల్లని మోసినట్టు ఒక చేత్తో కింద పట్టుకుని దేవీరమ్మ బస్టాండు వైపు వెళ్ళింది. ఆకులోంచి నీళ్ళు కారి ఆమె రవికె వీపంతా తడిసింది.

మాట పాకడానికి ఎంతసేపు? ఆ గదిలో చావు జుట్టు కుట్టారని అగ్రహారమంతా అనుకున్నారు. గదిలో కాదు అరుగు మీద అని నేను ఎంతమందికి చెప్పినా లాభం లేకపోయింది. ఆ వేసవి పెళ్ళివాళ్ళు రాలేదు. ముందే తాంబూలం ఇచ్చినవాళ్ళు వక్కలు వెనక్కి తీసుకుపోయారు. ఇత్తడి భరిణె ఖాళీ అయింది. దారిన వచ్చినవాళ్ళే ఆ ఇంటిని నడిపారు. వేదవల్లికి మగపిల్లాడు పుట్టి, ఇద్దరూ బాగున్నారని తెలిశాక, మెల్లగా ఒక్కొక్కరూ మళ్ళీ రావడం మొదలుపెట్టారు. అంబుజమ్మ రాలేదు. మనవడి పుట్టువెంట్రుకలప్పుడు మాత్రం పళ్ళెంలో పూలూ పండూ పంపింది.

అప్పటి నుంచి పుట్టతాయమ్మకి ఒక అలవాటు పడింది. చెప్పకుండా ఎవరు వచ్చినా, లోపల ఎంతటివాళ్ళు కూర్చున్నా, లేచి అరుగు దిగి, వాళ్ళని వీధిలోకి నడిపించుకెళ్ళి, "ఏం పనిమీద వచ్చారు? ఇవాళే ఎందుకు? ఇక్కడ ఏమైనా చెప్పొచ్చు" అని అడిగేది. చాలామంది "ఊరికే, ఫోటోకి" అని నవ్వేవారు. కొందరు నవ్వేవారు కాదు.

ఆమె పోయింది కూడా మల్లెల కాలంలోనే. వేళ్ళు వంకరపోయి సూది పట్టలేకపోయినా ఆ బుట్ట మాత్రం రోజూ తెప్పించేది. ఆ రోజూ తెప్పించి, మూలన పెట్టి, తడిగుడ్డ కప్పి, కాసేపు పడుకుంటానని లోపలికి వెళ్ళింది. ముత్తైదువగా పోయిన మనిషి, తలలో పూలు పెట్టాలి. ఎవరో ఆ బుట్ట తీయబోతే శివణ్ణ ఆపాడు. "అవి ఆమెవి కావు" అన్నాడు. సిద్దమ్మ మార్కెట్టుకు పరుగెత్తి వేరే పూలు తెచ్చింది.

ఇంటిముందు జనం పోగవుతుండగా, సంగతి తెలియని ఒక తల్లి చిన్నపిల్లని చేయిపట్టుకుని వీధి మలుపు తిరిగి వచ్చింది. జనాన్ని చూసి వెనక్కి తిరగబోయింది. శివణ్ణ చూశాడు. బుట్ట ఎత్తుకుని, అరుగు దిగి, వాళ్ళకి ఎదురెళ్ళి, వీధి మధ్యలో నిలబడి అడిగాడు.

"ఏం పనిమీద వచ్చావు తల్లీ? ఇక్కడ చెప్పు."